సంపాదన అక్కడ, లెక్క రెండు చోట్ల

ఊళ్ళో ఎవరి పిల్లాడైనా విదేశం వెళ్ళాడంటే ముందుగా వచ్చే ప్రశ్న "నెలకెంత వస్తుందట?" అని. ఆ వెంటనే "ఎంత పంపుతున్నాడు?" అని. సంబంధం మాట్లాడేటప్పుడూ, ఇంటిస్థలం కొనేటప్పుడూ ఈ రెండు ప్రశ్నలే తిరుగుతుంటాయి. మూడో ప్రశ్న ఒకటుంది. దాన్ని ఇంట్లోవాళ్ళూ అడగరు, వెళ్ళినవాడూ వేసుకోడు: "ఇప్పుడు నేను ఏ దేశం లెక్కలో ఉన్నాను?" ప్రవాసుల డబ్బు చిక్కుల్లో చాలావాటికి మూలం ఈ ప్రశ్న వేసుకోకపోవడమే. పన్ను, బ్యాంకు ఖాతా, బీమా, ముసలితనం, వారసత్వం అన్నీ దీని జవాబు మీదే ఆధారపడతాయి.

ఇది కొద్దిమందికి చెందిన విషయం కాదు. విదేశాల నుంచి వచ్చే సొమ్ముపై రిజర్వు బ్యాంకు 2023-24 సంవత్సరానికి చేసిన సర్వేలో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం. అంటే దేశానికి వచ్చే ప్రతి ఎనిమిది రూపాయల్లో ఒకటి తెలుగు ఇళ్ళకు చేరుతోంది. అదే సర్వే ప్రకారం దేశానికి వచ్చే మొత్తంలో అమెరికా నుంచి వచ్చేది 27.7 శాతం, యూఏఈ నుంచి వచ్చేది 19.2 శాతం. మన వలసలో పెద్ద పాయలు రెండూ అవే: అమెరికాలో చదువు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, గల్ఫ్‌లో కూలి, డ్రైవింగ్, ఇంటిపని. ఒకచోట పన్ను ఎక్కువ, కాగితం ఎక్కువ. ఇంకోచోట జీతం మీద పన్ను లేదు, వెనకాల ఆసరా కూడా లేదు. ఈ ఇద్దరికీ ఒకే సలహా చెప్పడం కుదరదు.

నివాసి ఎవరు?

మన దేశంలో ఈ విషయాన్ని రెండు చట్టాలు రెండు రకాలుగా చూస్తాయి. విదేశీ మారకం వ్యవహారాలు చూసే ఫెమా చట్టం మనిషి ఎందుకు వెళ్ళాడో చూస్తుంది. ఉద్యోగం కోసం విమానం ఎక్కితే ఆ రోజు నుంచే అతను ప్రవాసి. ఆదాయపు పన్ను చట్టం రోజులు లెక్కపెడుతుంది. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు, అంతకుమించి ఇక్కడ ఉంటే ఆ ఏడాదికి అతను నివాసి. అందువల్ల ఒకే మనిషి ఒకే నెలలో ఒక చట్టానికి ప్రవాసి, ఇంకో చట్టానికి నివాసి కావచ్చు.

ఉదాహరణకు డిసెంబరులో దుబాయ్ ఉద్యోగానికి వెళ్ళినవాణ్ణి తీసుకోండి. ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా ఇక్కడే ఉన్నాడు కనుక ఆ ఏడాదికి పన్ను చట్టం దృష్టిలో అతను నివాసే. జనవరి, ఫిబ్రవరి, మార్చిలో దుబాయ్‌లో అందుకున్న జీతం కూడా ఇక్కడి లెక్కలోకి వస్తుంది. అక్కడ పన్ను కట్టలేదు కాబట్టి మినహాయించుకోవడానికీ ఏమీ ఉండదు. అదే మనిషి సెప్టెంబరు మొదటి రోజుల్లో వెళ్ళి, మార్చి ఆఖరు దాకా తిరిగి రాకపోతే కథ వేరు. చేరే తేదీని ఎంచుకునే వీలు అందరికీ ఉండదు, నిజమే. కానీ తేదీకి ఇంత విలువ ఉందని తెలిసి వెళ్ళడం వేరు, నోటీసు వచ్చాక తెలియడం వేరు.

సెలవుల్లో వచ్చిపోయే భారత పౌరులకూ సాధారణంగా 182 రోజుల గీతే. అయితే ఇక్కడి అద్దెలు, వడ్డీలు, లాభాలు కలిపి ఏడాదికి 15 లక్షలు దాటేవారికి 2020 నుంచి ఆ గీత 120 రోజులకు తగ్గింది. అప్పుడే ఇంకో నిబంధనా వచ్చింది: ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటి, మరే దేశంలోనూ పన్ను పరిధిలోకి రాని భారత పౌరుణ్ణి నివాసిగా భావిస్తారు. గల్ఫ్ కుటుంబాలు దీనికి చాలా భయపడ్డాయి. నిజానికి ఇలా నివాసి అయినవారు 'సాధారణ నివాసి కాని' అనే మధ్యస్థ కోవలోకే వస్తారు. గల్ఫ్‌లో కష్టపడి సంపాదించిన జీతం మీద ఇక్కడ పన్ను పడదు. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి వచ్చి సెక్షన్ల నెంబర్లు మారాయి. పాత నెంబర్లతో సలహా చెప్పేవారి దగ్గర కొంచెం ఆగి, సరిచూసుకుని ముందుకెళ్ళడం మంచిది.

మూడు ఖాతాలు

వెళ్ళినవాడు చేయాల్సిన మొదటి పని పాత సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్పించడం. ఏళ్ళ తరబడి ఈ పని చేయనివాళ్ళు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు. ఫెమా ప్రకారం ఇది ఉల్లంఘన. ఇల్లు అమ్మినప్పుడో, పెద్ద మొత్తం బయటికి పంపబోయినప్పుడో బ్యాంకు ఈ తీగ లాగుతుంది.

ఊళ్ళో వచ్చే అద్దె, కౌలు, పింఛను, డివిడెండు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోకి వెళ్ళాలి. ఆ ఖాతా వడ్డీ మీద 30 శాతం, దానిపై సెస్సు ముందే కోసుకుంటారు. అమెరికాతో ఉన్న ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ప్రకారం వడ్డీపై రేటు 15 శాతం, యూఏఈతో 12.5 శాతం. ఈ తగ్గింపు దానంతటది రాదు. ఉంటున్న దేశం నుంచి పన్ను నివాస ధ్రువపత్రం తెచ్చి ఇవ్వాలి. ఎన్‌ఆర్‌ఓ నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల వరకు, పన్ను కట్టిన ఆధారాలతో బయటికి పంపుకోవచ్చు.

ఎన్‌ఆర్‌ఈ ఖాతా విదేశంలో సంపాదించి పంపిన సొమ్ముకు. అసలు, వడ్డీ ఎప్పుడైనా వెనక్కి తీసుకెళ్ళవచ్చు. ఇక్కడ ఆ వడ్డీ మీద పన్ను లేదు. మూడోది ఎఫ్‌సీఎన్‌ఆర్: డాలరు, పౌండు వంటి కరెన్సీలోనే ఒకటి నుంచి ఐదేళ్ళకు వేసే డిపాజిట్. రూపాయి పడిపోతుందేమోనని భయపడేవారికి ఇది పనికొస్తుంది.

పంపే దారి కూడా ముఖ్యమే. గల్ఫ్‌లో హుండీవాడు నాలుగు పైసలు ఎక్కువిస్తాడు, ఇంటికే తెచ్చిస్తాడు. కానీ ఆ డబ్బుకు పుట్టుక ఉండదు. రేపు స్థలం కొంటే "ఇది ఎక్కడిది?" అని అడిగినప్పుడు చూపడానికి కాగితం ఉండదు, దారే చట్టవిరుద్ధం. పదేళ్ళు ఎండలో పనిచేసిన డబ్బును దొంగసొమ్ములా దాచుకోవాల్సి రావడం కంటే అన్యాయం లేదు. ఇక అమెరికాలో 2026 జనవరి 1 నుంచి బయటికి పంపే సొమ్ముపై 1 శాతం పన్ను వచ్చింది. అది నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు వంటివాటితో పంపితేనే. అక్కడి బ్యాంకు ఖాతా నుంచో, కార్డుతోనో పంపితే పడదు.

అమెరికా: చెప్పకపోవడమే తప్పు

అమెరికాలో ఉన్న మనవాళ్ళు పన్ను ఎగ్గొట్టడం వల్ల కంటే, చెప్పాల్సింది చెప్పకపోవడం వల్ల ఎక్కువ చిక్కుల్లో పడుతున్నారు. పౌరులు, గ్రీన్‌కార్డువారు, రోజుల లెక్కతో పన్ను నివాసులైన హెచ్‌-1బీ ఉద్యోగులు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా అక్కడ చూపాలి. మన దగ్గర పన్ను లేని ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి అక్కడ పన్ను ఉంది. "ఇండియాలో ట్యాక్స్ ఫ్రీ కదా" అన్న ఒక్క మాట ఎన్నో రిటర్నులను తప్పు చేసింది.

దీనికి తోడు ఎఫ్‌బార్ అనే నివేదిక ఉంది. బయటి దేశాల్లోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే అన్నిటినీ చెప్పాలి. నాన్నతో కలిసి తెరిచిన జాయింటు ఖాతా ఇందులోకి వస్తుంది, ఆ డబ్బు పూర్తిగా నాన్నదే అయినా సరే. చిన్నప్పుడు మన పేరున కట్టిన, సరెండర్ విలువ ఉన్న ఎల్‌ఐసీ పాలసీ కూడా వస్తుంది. కావాలని కాకుండా పొరపాటున చెప్పకపోయినా జరిమానా 10,000 డాలర్ల దాకా పడవచ్చు, ఆ గరిష్ఠ పరిమితి ద్రవ్యోల్బణంతో పెరుగుతూ ఉంటుంది. ఆ జరిమానా ఖాతాకొకటి కాదు, నివేదికకొకటే అని అమెరికా సుప్రీంకోర్టు 2023లో బిట్నర్ కేసులో తేల్చడం కొంత ఊరట. విదేశీ ఆర్థిక ఆస్తులు ఇంకా పెద్ద పరిమితి దాటినవారు పన్ను రిటర్నుతో పాటు ఫారం 8938 కూడా జతచేయాలి. దాచితే తెలియదనుకునే కాలం పోయింది. 2015 జూలైలో భారత్, అమెరికా ఫాట్కా ఒప్పందంపై సంతకాలు చేశాయి. మన బ్యాంకులు, ఫండ్లు ఇచ్చే వివరాలు అక్కడి పన్ను శాఖకు చేరతాయి.

మ్యూచువల్ ఫండ్లది మరో ముడి. మన ఫండ్లను అమెరికా చట్టం పీఎఫ్‌ఐసీ అనే కోవలో వేస్తుంది. సాధారణంగా ఒక్కో ఫండ్‌కు ఒక్కో ఫారం 8621 నింపాలి. ముందే తగిన పద్ధతి ఎంచుకోకపోతే లాభంపై గరిష్ఠ రేటు, పైన వడ్డీ పడతాయి. అందుకే ఇక్కడ నెలనెలా సిప్ కడుతూ అమెరికా వెళ్ళిన పిల్లలు, అక్కడ పన్ను నివాసి కాకముందే వాటి సంగతి తేల్చుకోవాలి. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: అమెరికాలో స్థిరపడే ఆలోచన ఉన్నవారికి అక్కడి ఇండెక్స్ ఫండ్లే నయం. భారత మార్కెట్ మీద నమ్మకం ఉంటే దాన్నీ అక్కడి ఫండ్ల ద్వారానే కొనుక్కోవచ్చు.

విద్యార్థుల విషయంలో చట్టం కాస్త దయగానే ఉంది. ఎఫ్‌-1 వీసావారు సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు అక్కడ పన్ను నివాసులు కారు. ఆదాయం లేకపోయినా ఫారం 8843 మాత్రం ఇవ్వాలి. భారత విద్యార్థికి ఒప్పందంలోని 21వ అధికరణం ప్రకారం స్టాండర్డ్ డిడక్షన్ కూడా దక్కుతుంది. ఆ ఏళ్ళలో ఓపీటీ (విద్యార్థులకిచ్చే తాత్కాలిక పని అనుమతి) జీతం నుంచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత ఉండకూడదు. పొరపాటున కోస్తే యజమానిని అడిగి వెనక్కి తీసుకోవచ్చు.

పొలం అమ్మి కొడుక్కి ఇల్లు కొనడానికి డబ్బు పంపే తల్లిదండ్రులు కూడా పెరిగారు. ఇక్కడినుంచి ఒక్కొక్కరు ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన భాగంపై బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను, టీసీఎస్‌ను రిటర్నులో తిరిగి సర్దుకోవచ్చు. అక్కడ కొడుకు ఆ కానుకపై పన్ను కట్టనక్కర్లేదు కానీ, ఏడాదిలో 1,00,000 డాలర్లు దాటితే ఫారం 3520లో చెప్పాలి. మళ్ళీ అదే సూత్రం: పన్ను లేకపోయినా చెప్పాల్సిందే.

గల్ఫ్: పన్ను లేని చోట ఆసరా ఎవరు?

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి దుబాయ్, సౌదీ వెళ్ళేవారికీ, రాయచోటి, రాజంపేట, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకీ పై ఫారాలేవీ అక్కర్లేదు. వాళ్ళ లెక్క అప్పుతో మొదలవుతుంది. వీసాకు ఏజెంటు అడిగిన సొమ్ము నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. మొదటి ఏడాదో, రెండేళ్ళో పంపిందంతా ఆ వడ్డీ తింటుంది. గల్ఫ్‌లో పొదుపు గురించి మాట్లాడేవాళ్ళు ముందు ఈ అప్పు గురించి మాట్లాడాలి. ప్రభుత్వ అనుమతి ఉన్న ఏజెంటు ద్వారా, ఈ-మైగ్రేట్‌లో నమోదైన ఒప్పందంతో వెళ్ళినవాడికీ, ఎక్కడైనా పనిచేసుకోవచ్చనే ఆజాద్ వీసాను నమ్మి వెళ్ళి, కాగితాలు లేని ఖల్లివెల్లి అయిపోయినవాడికీ మధ్య తేడా ఒక జీవితమంత.

యూఏఈలో ఏడాది నిండిన కార్మికుడికి పని వదిలేటప్పుడు గ్రాట్యుటీ హక్కు ఉంది: మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆపైన ఏడాదికి 30 రోజులది. ఇది మూల వేతనం మీదే లెక్క. ఒప్పందంలో మూల వేతనం తక్కువ చూపి అలవెన్సులు ఎక్కువ రాస్తే నష్టం పదేళ్ళ తర్వాత కనపడుతుంది. అందుకే సంతకం పెట్టే రోజునే ఆ గడి చదవాలి. చాలామందికి పింఛను, పీఎఫ్, జీవితాంతపు పొదుపు అన్నీ ఆ ఒక్క గ్రాట్యుటీయే. 2023 నుంచి అక్కడ ఉద్యోగం పోతే కొంతకాలం ఆదుకునే బీమా కూడా తప్పనిసరి అయింది. మూల వేతనం 16,000 దిర్హాములలోపు వారికి నెలకు 5 దిర్హాములే. పన్ను లేని రోజులు కూడా శాశ్వతం కావు. ఒమాన్ 2028 నుంచి ఏడాదికి 42,000 రియాళ్ళు దాటిన ఆదాయంపై 5 శాతం పన్ను ప్రకటించింది. కూలివాళ్ళకు అది తగలదు, కానీ గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది.

భూమి మీద ప్రేమ

ఎక్కడున్నా తెలుగువాడి మనసు నేల మీదే ఉంటుంది. చట్టం ఇక్కడ గట్టి గీత గీసింది: ప్రవాసి ఇల్లు, ఫ్లాటు, స్థలం కొనవచ్చు, వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. బంధువు పేరున పొలం కొని "రాగానే రాయించుకుంటాను" అనుకునేవారు డబ్బునూ బంధుత్వాన్నీ ఒకే తక్కెడలో పెడుతున్నారు.

అమ్మేటప్పుడు ఇంకో దెబ్బ. ఇక్కడుండేవాడు 50 లక్షలు, ఆపైన ఆస్తి అమ్మితే కొనేవాడు 1 శాతం కోస్తాడు. ప్రవాసి అమ్మితే దీర్ఘకాలిక లాభానికి 12.5 శాతం, పైన సర్‌చార్జి, సెస్సు. ముందుగా పన్ను శాఖ నుంచి తక్కువ కోత ధ్రువపత్రం తెచ్చుకోకపోతే, లాభం మీద కాకుండా మొత్తం ధర మీద కోస్తారు. 2024 జూలై 23 తర్వాతి అమ్మకాల్లో ద్రవ్యోల్బణం సర్దుబాటుతో పాత లెక్క ఎంచుకునే వీలు ఇక్కడి నివాసులకే ఇచ్చారు, ప్రవాసులకు ఇవ్వలేదు. తాతల నాటి ఇల్లు అమ్ముకునేవాడు ఎక్కడ ఉంటున్నాడన్నదాన్ని బట్టి పన్ను మారడం న్యాయం కాదు.

దూరం నుంచి అమ్మడానికి పవర్ ఆఫ్ అటార్నీ పంపుతారు. విదేశంలో రాసిన ఆ పత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు చేయించాలి. "అన్ని అధికారాలూ" అని రాయకుండా ఒక్క ఆస్తికి, ఒక్క పనికి, గడువుతో రాయడం ఇద్దరికీ క్షేమం.

బీమా: ఏది ఎక్కడ?

బీమా విషయంలో రెండు వాదాలున్నాయి. "పాలసీ ఇండియాలో చవక, అక్కడే తీసుకో" అని ఒకటి. "ఉంటున్న దేశంలోదే పనికొస్తుంది" అని రెండోది. రెండూ సగం నిజాలు. ఆరోగ్య బీమా ఉంటున్న చోటిదే కావాలి. టర్మ్ పాలసీ మాత్రం కుటుంబం ఎక్కడ బతుకుతుందో, అప్పు ఏ కరెన్సీలో ఉందో దాన్ని బట్టి తీసుకోవాలి. అమెరికాలో ఇంటిలోను ఉన్నవాడికి రూపాయల పాలసీ చాలదు. భార్యాపిల్లలు సిరిసిల్లలో ఉన్న దుబాయ్ డ్రైవరుకు రూపాయల పాలసీయే సరి.

అమెరికాలో ఆరోగ్య బీమా, కంపెనీ ఇచ్చే జీవిత బీమా ఉద్యోగానికి కట్టి ఉంటాయి. ఉద్యోగం పోయిన హెచ్‌-1బీ వాడికి దేశంలో ఉండడానికి సాధారణంగా 60 రోజులే గడువు. ఆ రోజుల్లోనే బీమా కూడా జారిపోతుంది. కోబ్రా చట్టం కింద సాధారణంగా 18 నెలల వరకు కొనసాగించుకోవచ్చు కానీ ప్రీమియం మొత్తం మనదే. సొంతంగా ఒక టర్మ్ పాలసీ విడిగా ఉండాలనేది ఇందుకే. మనవణ్ణి చూడ్డానికి వెళ్ళే అమ్మానాన్నల విజిటర్ బీమాలో ముందునుంచి ఉన్న బీపీ, షుగర్, గుండె జబ్బులకు సాధారణంగా పూర్తి రక్షణ ఉండదు. అకస్మాత్తుగా ముదిరితే మాత్రమే, అదీ పరిమితులతో. ఖర్చుకు గరిష్ఠం ముందే కట్టేసిన చవక పాలసీకి, సమగ్ర పాలసీకి తేడా ఆసుపత్రి బిల్లు వచ్చాక కాదు, టికెట్ కొనేటప్పుడే చూడాలి.

ఇక్కడ ఉండిపోయే తల్లిదండ్రులకు పాలసీ ఎంత తొందరగా తీసుకుంటే అంత మంచిది. 2024లో వచ్చిన మార్పులతో పాత జబ్బులకు నిరీక్షణ కాలం మూడేళ్ళు మించకూడదు. ఐదేళ్ళు ఆపకుండా కడితే, మోసం రుజువైతే తప్ప, సమాచారం దాచారన్న వంకతో క్లెయిము తిప్పిపంపలేరు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత పాలసీలపై జీఎస్టీ కూడా లేదు.

గల్ఫ్‌కు ఈసీఆర్ (వలస అనుమతి అవసరమైన) పాస్‌పోర్టుతో వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయల ప్రీమియంతో 10 లక్షల రక్షణ. కానీ ఇక్కడే గుండె తరుక్కుపోయే లోపం ఉంది. ఆ 10 లక్షలు ప్రమాదంలో చనిపోతేనో, శాశ్వతంగా అంగవైకల్యం వస్తేనో. నిద్రలో గుండె ఆగినవాడి ఇంటికి అది రాదు. తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తోంది. అది సాయం, బీమా కాదు. అందుకే గల్ఫ్ వెళ్ళే ప్రతివాడూ ఒక టర్మ్ పాలసీ తీసుకోవాలి. ఆ స్తోమతు లేకపోతే కనీసం ఊరి బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా అయినా కట్టాలి. 50 ఏళ్ళలోపు చేరితే, మరణం ఎలా సంభవించినా 2 లక్షలు వస్తాయి.

ముసలితనం ఏ దేశానిది?

అమెరికాలో జీతం నుంచి సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కు 1.45 శాతం పోతుంది. పింఛనుకు 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ళ పని కావాలి. జర్మనీ, కెనడా, ఆస్ట్రేలియా, జపాన్ వంటి దేశాలతో ఉన్నట్టు మనకు అమెరికాతో సామాజిక భద్రతా ఒప్పందం లేదు. అందువల్ల ఎనిమిదేళ్ళు పనిచేసి తిరిగొచ్చినవాడు కట్టింది అక్కడే ఉండిపోతుంది. అంత పెద్ద వలస ఉన్న దేశంతో ఈ ఒప్పందం కుదరకపోవడం మన దౌత్యంలో మిగిలిపోయిన పెద్ద పని.

ఉద్యోగుల విశ్రాంత పొదుపు ఖాతా 401(కె)లో దాచింది మాత్రం మనదే. 59½ ఏళ్ళలోపు తీస్తే సాధారణంగా పన్నుతో పాటు 10 శాతం జరిమానా. తిరిగొచ్చాక దాన్ని అక్కడే ఉంచినా, ఏటా పెరిగే మొత్తం మీద ఇక్కడ పన్ను పడకుండా, తీసుకున్నప్పుడే పడేలా ఎంచుకునే వీలు అమెరికా, బ్రిటన్, కెనడా ఖాతాలకు ఉంది. తిరిగి వచ్చినవారు మొదట అడగాల్సిన విషయాల్లో ఇదొకటి.

తిరిగొచ్చిన రోజు

ఏళ్ళ తరబడి బయట ఉండి వచ్చినవారికి చట్టం చిన్న కిటికీ తెరిచి ఉంచింది. గత పదేళ్ళలో తొమ్మిదేళ్ళు ప్రవాసిగానో, గత ఏడేళ్ళలో ఇక్కడ 729 రోజులు మించకుండానో ఉంటే, సాధారణంగా రెండు మూడేళ్ళ పాటు 'సాధారణ నివాసి కాని' హోదా వస్తుంది. ఆ కాలంలో బయటి ఆదాయంపై మామూలుగా ఇక్కడ పన్ను లేదు. అక్కడి షేర్లు అమ్మాలా, ఇల్లు అమ్మాలా అన్న నిర్ణయాలకు ఇదే అదను. ఎన్‌ఆర్‌ఈ ఖాతాను మాత్రం వెంటనే మార్చాలి. విదేశీ కరెన్సీ ఉంచుకోవడానికి ఆర్‌ఎఫ్‌సీ ఖాతా ఉంది.

కిటికీ మూసుకున్నాక విదేశాల్లోని ప్రతి ఖాతా, ప్రతి షేరు రిటర్నులో చూపాలి. చూపకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడవచ్చు. స్థిరాస్తి కాని ఆస్తులన్నీ కలిపి 20 లక్షలలోపు ఉంటే 2024 అక్టోబరు నుంచి ఈ జరిమానా లేదు. వారసత్వం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అమెరికాలో నివాసం లేని విదేశీయుడు అక్కడి షేర్లు వదిలి కన్నుమూస్తే 60,000 డాలర్లు దాటినదానిపై ఎస్టేట్ పన్ను ఉంది. ఇక్కడికి వచ్చేసి, అక్కడి బ్రోకరేజీ ఖాతాను అలాగే వదిలేసేవారు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

బీరువాలో ఒక కాగితం

ఇన్ని నిబంధనలు చూశాక ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి. కానీ వెనక్కి తిరిగి చూస్తే నష్టాలన్నీ మూడు రోజుల చుట్టూనే ఉన్నాయి: వెళ్ళిన రోజు, ఉన్న దేశంలో మొదటి లెక్క చెప్పిన రోజు, తిరిగొచ్చిన రోజు. ఆ మూడు రోజుల్లో "నేను ఏ దేశం లెక్కలో ఉన్నాను?" అని అడిగి, జవాబు రాసిపెట్టుకున్నవాడికి మిగతా ఏళ్ళు తేలిగ్గా గడుస్తాయి.

నాలుగో రోజు ఒకటుంది. దాని గురించి మన ఇళ్ళలో మాట్లాడటం అపశకునం అనుకుంటారు. విదేశంలో మనిషి పోయాక, ఏ బ్యాంకులో ఎంత ఉందో, ఏ పాలసీ ఉందో, నామినీ ఎవరో తెలియక భార్య, తల్లిదండ్రులు ఆఫీసుల చుట్టూ తిరిగే రోజు అది. నామినీ పేరు రాసినంత మాత్రాన డబ్బు నామినీది అయిపోదనీ, అది వారసులకు చెందుతుందనీ సుప్రీంకోర్టు మళ్ళీ మళ్ళీ చెప్పింది. షేర్ల విషయంలో 2023 డిసెంబరులోనూ అదే చెప్పింది. కనుక వీలునామా కూడా కావాలి.

మన పెద్దలు పట్టాదారు పాసుపుస్తకం బీరువాలో ఎక్కడుందో ఇంట్లో అందరికీ చెప్పి ఉంచేవారు. దాని పక్కనే ఇప్పుడు ఇంకో కాగితం ఉండాలి: ఖాతాల పేర్లు, పాలసీ నెంబర్లు, నామినీలు, అక్కడి యజమాని ఫోన్, గ్రాట్యుటీ లెక్క, అప్పులు. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ కాగితం తీసి, అమ్మతోనో భార్యతోనో కూర్చుని, మారినవి కొట్టేసి కొత్తవి రాయాలి. ఒక గంట పని.